మాష్టారి ప్లిమత్తు

మణికొండలో ఇప్పుడు కార్లకు కొదవ లేదు. సాయంత్రం ఆరు దాటితే పుప్పాలగూడ దాకా కదలకుండా నిలబడి ఉండేవన్నీ కార్లే. వాటి మూత ఎత్తి చూడండి, మీకు ఇంజను కనబడదు. నల్లటి ప్లాస్టిక్ తొడుగొకటి కనబడుతుంది. ఆ ఇంజను ఎవరిదో, ఎన్ని సి.సి.దో, ఎప్పుడు పుట్టిందో తెలుసుకోవటానికి యంత్రాన్ని చూడనక్కరలేదు, కాగితం చూస్తే చాలు. డెబ్భై ఎనభై ఏళ్ళ నాటి అమెరికన్ కారు విషయం వేరు. దాని కాగితాలను చెదలు తినేసి ఉంటాయి, రేకు పలకలు ఊడిపోయి ఉంటాయి, చేతులు మారిన ప్రతిసారీ ఒక కొత్త కథ వచ్చి చేరి ఉంటుంది. నీవెవరివి అని ఆ యంత్రాన్నే అడగాలి. అది జవాబు చెబుతుంది. కాకపోతే అంగుళాలలోనూ, నూళ్ళలోనూ చెబుతుంది.

అటువంటి బండి ఒకటి మా మణికొండ పాత ఊరిలో, ఒక పెంకుటింటి వెనుక రేకుల పాకలో ఉంది. 1947 నాటి ప్లిమత్ స్పెషల్ డీలక్స్. సొంతదారు ఒక విశ్రాంత లెక్కల మాష్టారు, ఎనభై దాటినవారు. వారి నాన్నగారు నగరంలో వకీలుగా ఉన్న రోజులలో, 1953లో, ఎవరో వాడిన బండిని కొన్నారట. 1961లో ఇంజను పొగలు కక్కి నిలిచిపోతే దానిని పూర్తిగా విప్పి బాగుచేయించవలసి వచ్చింది. అందుకు డబ్బు చాలక మాష్టారి అమ్మగారి నాలుగు జతల గాజులు అమ్మారు. ఆమె బతికి ఉన్నంత కాలం ఆ బండి ఎక్కిన ప్రతిసారీ, "నా గాజులు ఇందులోనే ఉన్నాయి కదూ!" అని భర్తను అడిగేదట. సగం పరిహాసం, సగం కాదు.

ఇటీవల పాత కార్లు సేకరించే ఒకాయన వచ్చి ఈ బండిని చూశాడు. మూత ఎత్తి, టార్చి వేసి, రెండు నిమిషాలలో తేల్చేశాడు. "ఇది దీని ఇంజను కాదండీ. ఫార్గో లారీది. నంబరు కూడా అరగదీసేశారు." ధర సగానికి దించాడు.

ధర తగ్గినందుకు మాష్టారు బాధపడలేదు. ఆ సాయంత్రం నాతో అన్నది వేరు. "బాబూ, ఆయన చెప్పింది నిజమైతే రెండే సంగతులు. మా నాన్న పాత లారీ ఇంజనొకటి పెట్టించి అమ్మతో అబద్ధమన్నా చెప్పి ఉండాలి, లేదా ఆ షెడ్డువాడు మా నాన్నను మోసమన్నా చేసి ఉండాలి. ఈ రెంటిలో ఏది నిజమైనా నాకు తెలియకుండా ఉంటేనే బాగుండేది. ఇప్పుడు తెలుసుకోక తప్పదు."

నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగు, బతుకుతున్నది కంప్యూటరు ముందు. ఈ ప్రాంతంలో అదేమీ వింత కాదు కదా! చదువుకున్నది ఒక్కసారైనా అక్కరకు వస్తుందన్న ఆశతో సరేనన్నాను.

ముందుగా ఒక మాట. కొనవచ్చినాయన అనుమానం అకారణమైనది కాదు. బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు క్రైస్లర్ కంపెనీతో ఒప్పందం చేసుకుని మన దేశంలో డాడ్జి, డిసోటో, ప్లిమత్ కార్లనూ, ఫార్గో లారీలనూ కూర్చేవారు. ఒకే కారు మూడు పేర్లతో తిరిగేది. డాడ్జి కింగ్స్‌వే అన్నా, డిసోటో డిప్లొమాట్ అన్నా ఒంటి మీది పేరు మారిన ప్లిమత్తే. దిగుమతుల మీద ఆంక్షలున్న రోజులు, విడిభాగాలు దొరకవు. కనుక లారీ ఇంజను కారులోకీ, కారు ఇంజను లారీలోకీ సులువుగా కాపురం మార్చేవి. పెట్రోలు ఖర్చు భరించలేక, మద్రాసు సింప్సన్ కంపెనీ తయారుచేసిన పెర్కిన్స్ డీజిల్ ఇంజను పెట్టించుకున్నవారూ ఉన్నారు. అందుచేత ముక్కు మీది పేరు చూసి లోపలి ఇంజనును నిర్ణయించకూడదు. అదే న్యాయాన, పైపైన చూసి కాదనకూడదు కూడా.

మల్లేపల్లి వైపునుంచి ఒక ముసలి ఉస్తాద్‌ను పిలిపించాం. అమెరికన్ బళ్ళ మీద చేయి తిరిగినవాళ్ళు నగరంలో ఇక కొద్దిమందే. నేను నాకు తెలిసిన సిద్ధాంతాలు వల్లిస్తుంటే ఆయన బీడీ ఆర్పి ఒకటే మాట అన్నాడు. "పహెలే నాపో సాబ్, బాద్ మే బోలో." ముందు కొలవండి, తరువాత మాట్లాడండి. ఇంజనీరింగు కళాశాలలో నాలుగేళ్ళు చెప్పినదాని సారం ఇంతకంటే ఏముంది?

ఈ కుటుంబపు ఇంజన్లను ఫ్లాట్‌హెడ్ అంటారు, చదునైన తల అన్నమాట. ఆరు సిలిండర్లూ వరుసగా నిలబడి ఉంటాయి. కవాటాలు ఈనాటి ఇంజన్లలో లాగా పైన కాక, పక్కన, దిమ్మెలోనే ఉంటాయి. కనుక పైనున్న హెడ్ లోపలివైపు గుంటలు చెక్కిన ఇనుప పలక మాత్రమే. ప్లిమత్ 1933లో ఆరు సిలిండర్లకు మారింది. 1942లో ఆ ఇంజను 217.8 ఘనపు అంగుళాలకు పెరిగి, 1950ల తొలి సంవత్సరాల దాకా అదే పరిమాణంలో కొనసాగింది.

మొదటి కొలత ఆ పలక పొడవు. క్రైస్లర్ వారి ఫ్లాట్‌హెడ్ ఆరు సిలిండర్లలో రెండు శాఖలున్నాయి. అమెరికాలో చేసిన ప్లిమత్, డాడ్జిలది సుమారు ఇరవైమూడు అంగుళాల తల. డిసోటో, క్రైస్లర్‌లదీ, కెనడాలోని విండ్సర్‌లో చేసిన ప్లిమత్, డాడ్జిలదీ సుమారు ఇరవైఐదు అంగుళాల తల. కామన్వెల్తు దేశాలకు కెనడా బళ్ళు చాలా వచ్చేవి కనుక ఈ తేడా మనకు ముఖ్యం. వడ్రంగి టేపు పెట్టి చూస్తే ఇరవైమూడున్నర వచ్చింది. పొడుగు తల శాఖ మొత్తం పక్కకు పోయింది.

రెండవ కొలత, పిస్టను ఎంత దూరం దిగుతుందన్నది. తెలుగు మాధ్యమం భౌతికశాస్త్ర పుస్తకాలలో పిస్టనును ముషలకం అంటారు. ముసలమంటే రోకలి. చదువుకునే రోజులలో నవ్వుకున్న మాటే గాని, ఆ పేరు పెట్టినవారెవరో గాని గట్టివారు. రోలు వెడల్పు, రోకలి దిగే లోతు తెలిస్తే ఇంజను పరిమాణం తెలిసినట్టే. క్రైస్లర్ ఇంజనీర్లు దయామయులు. ఆరవ సిలిండరు నెత్తిన, సరిగ్గా పిస్టను మీదికి వచ్చేలాగా, ఒక చిన్న మరబిరడా పెట్టారు. మంట సమయం సరిచూసుకోవటానికి ఉద్దేశించినది. అది విప్పితే హెడ్ ఊడదీయకుండానే లోపలికి చువ్వ దింపవచ్చు.

దశాబ్దాల తుప్పు కనుక స్పార్కు ప్లగ్గుల రంధ్రాలలో నూనె పోసి వారం నానబెట్టాం. ఎనిమిదవనాడు హ్యాండిలు పెట్టి తిప్పితే, మూలుగుతూ తిరిగింది. సైకిలు చువ్వ దింపి, పిస్టను పైకి వచ్చినప్పుడొకటీ, అడుగుకు పోయినప్పుడొకటీ రెండు దారాలు కట్టాం. రెండు దారాల నడుమ దూరం 111 మిల్లీమీటర్లు. ఉస్తాద్ తన టేపు పెట్టి "చార్ ఇంచ్, తీన్ సూత్" అన్నాడు. మన వడ్రంగుల భాషలో నాలుగు అంగుళాల మూడు నూళ్ళు. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఇదే పొట్టి తల శాఖలో డాడ్జి కార్ల 230 ఘనపు అంగుళాల ఇంజనుకు నాలుగు అంగుళాల ఐదు నూళ్ళుండాలి. రెండు నూళ్ళ తేడాను చువ్వ కూడా దాచలేదు. కనుక ఇది 217.8. మూడుంపావు అంగుళాల వెడల్పు, నాలుగు అంగుళాల మూడు నూళ్ళ లోతు, ఆరు సిలిండర్లు. మెట్రిక్కులో చెబితే 3,568 సి.సి.

మాష్టారి ముఖం వెలిగింది. నేను మాత్రం ఇంకా తొందరపడవద్దన్నాను. ఎందుకంటే ఇదే 217.8 ఇంజనును డాడ్జి, ఫార్గో చిన్న లారీలలో కూడా వాడారు. కొలతలు కుటుంబాన్ని చెబుతాయి గాని మనిషిని చెప్పవు. మనిషి పేరు చెప్పవలసింది నంబరే.

ఆ నంబరు దిమ్మె ఎడమవైపు, ముందుభాగాన, డైనమోకు కాస్త పైన, చిన్న చదునైన గడ్డ మీద కొట్టి ఉంటుంది. 1946 నుంచి 1949 మొదటి నెలల దాకా వచ్చిన ప్లిమత్తులకు అది 'పి15' అని మొదలవుతుంది. అదే కాలపు డాడ్జి కార్లకు 'డి24', డిసోటోకు 'ఎస్11'. లారీ ఇంజన్లకు 'టి' అక్షరం ముందుంటుంది. మన బండిలో ఆ గడ్డ మీద కనబడుతున్నది తుప్పు, దాని మీద గట్టిపడిన జిడ్డు. అరగదీశారన్న మాట ఇక్కడ పుట్టింది. మామూలుగా ఇటువంటి చోట గరుకు కాగితం పెట్టి రుద్దుతారు. అంతకంటే అపచారం లేదు. మిగిలి ఉన్న నాలుగు గీతలూ ఆ కాగితానికే అంటుకుని పోతాయి. ఉస్తాద్ కిరసనాయిలు గుడ్డతో రెండు రోజులు తడిపి, జిడ్డు మెత్తబడ్డాక తుడిచి, సుద్దముక్క అడ్డంగా రాసి, పొడిగుడ్డతో ఒకసారి తుడిచాడు. టార్చిని పక్కనుంచి, లోహానికి దాదాపు ఆనించి పట్టుకున్నాడు.

పల్లాలలో తెల్లగా మిగిలింది 'పి15'. దాని తరువాత ఒక గీత. ఆపై రెండు అంకెలు స్పష్టంగా, నడుమ అంకెలు తుప్పు తినేసి, చివరి రెండూ మళ్ళీ స్పష్టంగా. మాష్టారు గుడ్డ అట్ట వేసిన పాత రిజిస్ట్రేషన్ పుస్తకం తెచ్చి, కళ్ళద్దాలు సవరించుకుని, ఒక్కొక్క అంకే చదివారు. కనబడిన నాలుగూ వాటి వాటి స్థానాలలో సరిపోయాయి. రుద్దిన గుర్తు ఒక్కటి లేదు.

కాగితంలోని పేరూ, నేల మీది వస్తువూ ఒకటేనా అన్న ప్రశ్న మా ఊరికి కొత్తది కాదు. ఇది మణికొండ జాగీరు. హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా పేరనున్న 1,654 ఎకరాలు వక్ఫువా, ప్రభుత్వానివా అన్న వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా పోయి, 2022 ఫిబ్రవరి 7న ప్రభుత్వానివేనని తీర్పు వచ్చింది. అన్ని ఎకరాలకు అంత వ్యవహారం నడిచింది. మా పాకలోని వ్యాజ్యం ఒక సుద్దముక్కతో తీరింది.

తీరిందా? ఇంజను దానిదేనని తేలింది గాని గాజుల సంగతి తేలలేదు. 1961లో నిజంగా బాగుచేయించారా, లేక పైపైన తుడిచి డబ్బు తీసుకున్నారా? నంబరు జన్మను చెబుతుంది, జీవితాన్ని చెప్పదు. జీవితాన్ని చెప్పేది సంపీడన నిష్పత్తి.

ఈ మాటను చాలామంది ఒత్తిడి గేజీలో కనబడే అంకెతో కలిపేస్తారు. రెండూ వేరు. పిస్టను అడుగున ఉన్నప్పుడు దాని పైనున్న మొత్తం ఖాళీని, పైకి వచ్చినప్పుడు మిగిలే ఖాళీతో భాగిస్తే వచ్చేది నిష్పత్తి. అది ఒడ్డూ పొడవూ వంటిది. గేజీలో కనబడే ఒత్తిడి నాడి వంటిది. రింగులు అరిగితే, కవాటం కారితే, చివరికి ఊరు ఎత్తున ఉన్నా నాడి తగ్గుతుంది. సముద్రమట్టానికి అర కిలోమీటరు పైనున్న మన హైదరాబాదులో గాలే కాస్త పలుచన. నిష్పత్తి మాత్రం లోహాన్ని కోస్తే తప్ప మారదు. లోహాన్ని ఎవరైనా కోశారా అన్నదే మన ప్రశ్న.

పి15 ఇంజనుకు కర్మాగారం ఇచ్చిన నిష్పత్తి 6.6. ఈనాటి కార్లలో పది, పదకొండు మామూలు కనుక ఇది వింతగా తోస్తుంది. కారణం ఆనాటి పెట్రోలు. ఎక్కువ నొక్కితే మంట క్రమంగా పాకక ఒక్కసారిగా పేలి, సుత్తితో కొట్టినట్టు ఇంజను తడుతుంది. 1921లో థామస్ మిడ్జ్‌లీ పెట్రోలులో సీసపు సమ్మేళనం కలిపి ఆ తట్టుడును అణచాడు. దాని విషాన్ని ప్రపంచం దాదాపు వందేళ్ళు పీల్చింది. మన దేశంలో సీసం లేని పెట్రోలు తప్పనిసరి అయినది 2000 ఫిబ్రవరి 1నుంచి. సీసం వేసినా ఆ రోజులలో మామూలు కార్లకు ఏడుకు లోపలే క్షేమమనుకున్నారు. 1949 కొత్త నమూనాతో ప్లిమత్ ఏడుకు చేరింది.

ఇక లెక్క. ఒక్కొక్క సిలిండరులో పిస్టను తుడిచే పరిమాణం 594.8 సి.సి. నిష్పత్తి 6.6 అయితే పైన మిగిలే ఖాళీ 594.8ని 5.6తో భాగించగా 106.2 సి.సి. ఉండాలి. ఉందో లేదో చూడాలంటే నూనె పోసి కొలవాలి.

గాస్కెట్టు ఎలాగూ మార్చవలసినదే కనుక హెడ్ విప్పాం. మసి తుడవగానే ఆరు పిస్టన్ల నెత్తినా ఒకే ముద్ర, '040'. అంటే సిలిండర్లను అంగుళంలో వెయ్యింట నలభై వంతుల మేర పెద్దవి చేసి, అందుకు తగిన కొత్త పిస్టన్లు వేశారన్నమాట. కర్మాగారం నుంచి వచ్చిన బండికి ఆ ముద్ర ఉండదు. ఉస్తాద్ వేలితో ఆరింటినీ వరుసగా తాకి, "పూరా కామ్ హువా సాబ్" అన్నాడు.

నూనె జారిపోకుండా ఆరవ పిస్టను అంచున గ్రీజు పూసి, కొత్త గాస్కెట్టుతో హెడ్ బిగించి, రెండు కవాటాలూ మూసుకుని పిస్టను పైకి వచ్చిన చోట నిలిపాం. లోపల గాలి చిక్కకుండా, బిరడా రంధ్రమే అన్నింటికంటే ఎత్తున ఉండేలాగా బండిని జాకీతో ఓరగా లేపాం. మందుల కొట్టులో తెచ్చిన సిరంజితో నూనె ఎక్కించాం. పది, ఇరవై, ముప్పై... మాష్టారు బడిలో హాజరు వేసినట్టు పక్కన గీతలు గీస్తున్నారు. తొంభై ఏడు దగ్గర నూనె అంచుకు వచ్చింది. మూడుసార్లు చేశాం. మూడుసార్లూ అరా, ఒకటీ తేడాతో అదే.

మాష్టారు నన్ను కలం ముట్టనివ్వలేదు. పెద్దదైన సిలిండరు వెడల్పు 3.29 అంగుళాలు. దానితో తుడిచే పరిమాణం 609.5 సి.సి. దానికి 97 కలిపి, 97తో భాగిస్తే 7.28. ఒక్క సిలిండర్లను పెద్దవి చేయటం వల్లనే అయితే నిష్పత్తి 6.74 దాటదు. మిగిలిన తేడా, తొమ్మిది సి.సి.ల ఖాళీ, హెడ్ అడుగును చదును చేయించినప్పుడు పోయినది. వంకర తిరిగిన హెడ్‌ను సాపు చేయకపోతే కొత్త గాస్కెట్టు నిలవదు. డబ్బు తీసుకుని తుడిచి ఇచ్చేవాడు ఆ శ్రమ పడడు.

అంటే ఆరు సిలిండర్లు కోయించారు, ఆరు దిగుమతి పిస్టన్లు, రింగులు కొన్నారు, హెడ్ చదును చేయించారు. ఆ బండిని విప్పినది 1961లో ఒక్కసారేనని మాష్టారికి గట్టిగా తెలుసు. నాలుగు జతల గాజులు ఎక్కడికి పోయాయో లోహం మీద రాసి ఉంది. మాష్టారు లెక్క కింద రెండు గీతలు గీసి, జవాబుకు చుట్టూ గడి కట్టారు. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "అమ్మ అడిగినప్పుడల్లా నాన్న నవ్వి ఊరుకునేవాడు బాబూ. రుజువు చూపించే అలవాటు ఆయనకు కోర్టులోనే ఉండేది," అన్నారు.

7.28 ప్రమాదమా అని మీకు సందేహం రావచ్చు. కాదు. ఇరవై శాతం ఇథనాలు కలిపిన నేటి పెట్రోలు ఆక్టేను 1947 నాటి పెట్రోలు కంటే చాలా ఎక్కువ. ఈ నిష్పత్తికి తట్టుడు రాదు. ఎగ్జాస్టు కవాటాల కింద గట్టి ఉక్కు రింగులు మొదటే ఉన్నాయి కనుక సీసం లేకపోయినా బెంగ లేదు. భయపడవలసినది పాత రబ్బరు గొట్టాలకూ, కార్బురేటరులోని బెండు గాస్కెట్లకే. ఇథనాలు వాటిని తినేస్తుంది. అవి మార్పించుకోవాలి.

కొన్నదానికి కాగితం కూడా కావాలి కదా. 2021 జూలైలో కేంద్రం వింటేజి వాహనాలకు వేరే నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్ళు దాటి, చట్రం, ఒళ్ళు, ఇంజను మార్పులకు లోనుకాని బళ్ళకు 'వి.ఎ.' అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకు ఇరవై వేల రూపాయలు, గడువు పదేళ్ళు. రోజువారీ వాడకానికీ, వ్యాపారానికీ పనికిరాదు. ఇంజను దానిదేనా అన్న ప్రశ్న కనుక అక్కడ కూడా ఎదురవుతుంది. మాష్టారు సుద్దతో తేలిన నంబరు ఫోటోను, లెక్కల కాగితాన్ని అర్జీతో జత చేయటానికి దాచారు. కొనవచ్చినాయన ఫోను చేస్తే, "ఇప్పట్లో అమ్మే ఉద్దేశం లేదండీ" అని మర్యాదగా చెప్పారట.

చౌమహల్లా ప్రాసాదంలో 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్‌ను చూసి మనమందరం ముచ్చటపడతాం. దానిని ఆర్డరు ఇచ్చినది ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ అని చెప్పటానికి చరిత్రకారులున్నారు. వకీళ్ళూ, డాక్టర్లూ, కంట్రాక్టర్లూ కొనుక్కున్న బళ్ళకు చరిత్రకారులు లేరు. మీ ఊళ్ళలో, మీ తాతగారి ఇళ్ళలో అటువంటిది ఏదైనా పాకలో పడి ఉంటే, అమ్మేముందు ఒకసారి మూత ఎత్తండి. నంబరు గడ్డను గరుకు కాగితంతో రుద్దనివ్వకండి. కిరసనాయిలు, సుద్దముక్క, పక్కనుంచి పట్టిన దీపం చాలు. ఒక చువ్వ, రెండు దారాలు, ఒక సిరంజి దగ్గర ఉంచుకోండి. వచ్చిన అంకెలన్నీ ఒక కాగితం మీద రాసిపెట్టండి. ఆ బండి మీద ఎవరి గాజులు ఖర్చయ్యాయో తెలిస్తే, అది కూడా ఆ కాగితం మీదనే రాయండి.